రుక్కమ్మ పట్నం పోయిన ఏండ్లు

కొందరికి వంకాయ పడది. కొందరికి కల్లు పడది. మా రుక్కమ్మ మొగడు బీరప్పకు పట్నం పడలే.

ఈ మాట నాది కాదు, రుక్కమ్మదే. "నీ పెనిమిటికి ఏమైందమ్మా?" అని ఎవరన్న అడిగితె శాన రోజులు ఆమె ఇదే జవాబు చెప్పేది. "ఏం గాలే. పట్నం పడలే, గంతే." తర్వాత తర్వాత ఆ మాట అనుడు బంద్ చేసింది. అది సగమే నిజమని ఆమెకు తెలిసొచ్చింది. ఎట్ల తెలిసిందో చెప్త.

నా పేరు నాగయ్య. నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు మీద కండక్టర్‌గ పనిచేసిన. ఉగాది కాంగనె మా దిక్కు పల్లెలోల్లు గిన్నెలు, గొంగళ్లు, సంకల పిల్లలతోటి బస్సెక్కి పట్నంల మట్టిపనికి, కట్టుబడి పనికి పోయేటోల్లు. తొలకరి పడంగనె తిరిగొచ్చేటోల్లు. రుక్కమ్మ వాళ్లల్ల ఒకతి. నాకు చుట్టం కాదు. ఏండ్ల తరబడి నా బస్సుల పోయి, నా బస్సుల వచ్చి, ముందల సీట్ల కూసొని బాధలు చెప్పుకుంట చెప్పుకుంట చెల్లె అయింది.

వాళ్లది సిర్గాపూర్ దిక్కు ఒక పల్లె. కురుమోల్లు. బీరప్ప తండ్రి బతికున్నప్పుడు పెద్ద గొర్లమంద ఉండె. డెబ్బై రెండుల కరువొచ్చి గడ్డి పోచ లేకుంటైంది. కొన్ని గొర్లు సచ్చినయి, మిగిలినయి కటికోల్లకు అగ్గువకు పోయినయి. ఆ మరుసటేడే తండ్రి పోయిండు. ఇద్దరు కొడుకులు. పెద్దోడు మొగులయ్య, చిన్నోడు బీరప్ప. ఉన్నది ఇంత చెల్క, వాన కొడితె జొన్న, కంది పండేది. పెద్దోడు చెల్క చూసుకోవాలె, చిన్నోడు పట్నం పోవాలె అని తల్లి పోశమ్మ తీర్మానం చేసింది. అప్పటికి బీరప్పకు పెండ్లయి పుష్ప పుట్టింది.

మొదలు మొగడు పెండ్లాం ఇద్దరూ పోయిండ్రు. బీరప్ప పునాదులు తవ్వేది, రుక్కమ్మ తట్టలు మోసేది. ఊరోల్లంత ఒక్క దిక్కు గుడిసెలు ఏసుకొని ఉండేటోల్లు. కష్టమే కని మాట్లాడేటందుకు మనుషులు ఉండిరి. ఇంతల పోశమ్మ జారిపడి తుంటి ఇరగ్గొట్టుకున్నది. చూసేటోల్లు లేక రుక్కమ్మ బిడ్డనెత్తుకొని ఇంటికొచ్చింది. బీరప్ప అక్కడనే ఉండిపోయిండు.

బీరప్ప మాట తక్కువ మనిషి. తాగడు. ఒకరి వస్తువు ముట్టడు. గుత్తేదారు అది చూసి, "నువ్వు ఈడనే ఉండి సిమెంటు, ఇనుప సలాకలు కాయి" అని కావలి పెట్టిండు. స్లాబు పడ్డంక ఊరోల్లంత ఇంకో దిక్కు పనికి పోయిండ్రు. పట్నం అంచున, చుట్టూ బండలు, సగం లేసిన గోడలు. వాటి నడుమ బీరప్ప ఒక్కడే మిగిలిండు. పొద్దు పొడిసినకాడికెల్లి పొద్దు గూకేదాక మనిషి ముఖం లేదు. ఎప్పుడన్న గుత్తేదారు మనిషి స్కూటర్ మీద వచ్చి, ఇనుము చూసి, బండి దిగకుంటనే పోయేటోడు.

ఓనాడు సలాకల కట్టలు తక్కువొచ్చినయి. నాకు తెల్వదన్నడు బీరప్ప. పోలీసులకు పట్టిచ్చిండ్రు. ఠాణాల పెట్టి కొట్టిండ్రు. తర్వాత తెలిసింది, ఆ సలాకలు గుత్తేదారు తమ్ముడే ఇంకో కట్టుబడికి లారీల తోలుకపోయిండని. బీరప్పను ఇడిసిపెట్టిండ్రు. తప్పయిందని ఎవరూ అనలే. మల్ల పోయి కావలి కూసోమన్నరు. కూసున్నడు.

ఆడికెల్లి మొదలైంది. గోడ ఎనక ఎవరో గుసగుస పెట్టినట్టు, "దొంగ బీరిగా, వస్తున్నం రా" అన్నట్టు. పోయి చూస్తె ఎవరూ ఉండరు. తిరిగొచ్చి కూసుంటె మల్ల అదే మాట. కన్ను మూసుడు పోయింది, కూడు పోయింది.

నేను బీరప్పను మొదటిసారి చూసింది ఆ ఎండకాలమే. బస్సు ఖేడుకొచ్చి ఆగింది, అందరు దిగిండ్రు. ఎనక సీట్ల ఒకడు గొంగడి నెత్తి మీదికి కప్పుకొని, మోకాళ్లు పొట్టకు తీసుకొని కూసున్నడు. అంత ఎండల గొంగడి.

"ఏమయ్యా, ఖేడొచ్చింది. దిగు" అన్న.

నన్ను చూసి కిటికీకి ఒదుక్కున్నడు. గజగజ వణుకుతుండు. "నేను తీయలే సారూ" అన్నడు.

"ఏం తీయలే?"

"సలాకలు."

తాగిండేమో అనుకున్న, వాసన లేదు. ఆ ఊరి మనిషొకడు గుర్తు పట్టి సైకిల్ మీద పోయి ఇంట్ల చెప్పిండు. మొగులయ్య ఎడ్లబండి కట్టుకొని వచ్చిండు, ఎంట రుక్కమ్మ. మొగులయ్య తమ్ముని రెక్క పట్టి గుంజితె ఆయన సీటు రాడ్డును ఇడుస్తలేడు. రుక్కమ్మ అన్నది: "నువ్వాగు బావా."

పోయి పక్కన కూసున్నది. నెత్తి మీదికెల్లి జారిన గొంగడి సర్దింది. అటెనుక, "బిడ్డ నిన్ను అడుగుతుంది. పోదమా?" అన్నది.

"బయట ఉన్నరు" అన్నడు బీరప్ప.

"ఉంటె ఉండనీ. నేను ముందల దిగుత. నువ్వు నా ఎనక దిగు."

ఆమె కొంగు పట్టుకొని దిగిండు.

ఊర్ల గాలి సోకిందన్నరు. నిమ్మకాయలు కోసిండ్రు, యాపమండలు కొట్టిండ్రు. బోరంచ నల్లపోచమ్మ గుడి కాడికి తీస్కపోయి కొన్నాళ్లు ఉంచిండ్రు. ఆ రోజుల గురించి రుక్కమ్మ ఎప్పుడు చెప్పినా ఇజ్జత్‌తోనే చెప్పేది. "అక్కడ నా మొగన్ని ఎవలూ పిచ్చోడనలే అన్నా. అందరం ఏదో ఒక బాధతోని వచ్చినోల్లమే. పొద్దుగాల తానం చేసి అమ్మ ముందల కూసునుడు, పక్కోల్లు వండుకుంటె మాకింత పెట్టుడు. జర నిమ్మలమైండు. కని చెవులల్ల మాటలు మాత్రం పోలే."

ఇంటికొచ్చినంక ఒకనాడు ఫారెస్టు గార్డు ఊర్లకు వచ్చిండు. ఆ ఖాకీ బట్టలు చూసి బీరప్ప రాయి ఇసిరిండు. రాయి తగలలే కని ఊరు బెదిరింది. మొగులయ్య తమ్మున్ని కొట్టంల ఎడ్లను కట్టే గుంజకు గొలుసుతోని కట్టిండు. పగతోని కట్టిండని నేననను. ఏడ్సుకుంటనే కట్టిండట. ఇంకేం చెయ్యాల్నో ఆయనకు తెల్వలే, ఊర్ల ఎవరికీ తెల్వలే.

అంగడినాడు రుక్కమ్మ ఖేడుకొచ్చి బస్టాండుల నన్ను పట్టుకున్నది. "అన్నా, నువ్వు దినాం పట్నం పోతవు. ఇసొంటోల్లకు అక్కడ దవాఖాన ఏమన్న ఉన్నదా?"

ఉన్నదని చెప్పిన. ఆ దవాఖాన ఉన్న పేట పేరు మా దిక్కు ఒక తిట్టు. కోపమొస్తె ఆ పేరు పెట్టి తిట్టుకుంటరు. అందుకే ఇక్కడ రాస్తలేను. ఆ పేరు ఇని గూడ రుక్కమ్మ ఎనక్కి తగ్గలే. "ఎప్పుడు తోలుకరావాలె?" అని అడిగింది.

ఇంట్ల పెద్ద లొల్లి అయింది. మొగులయ్య ఒప్పుకోలే. "అక్కడికి పోయొచ్చిండంటె ఆ పేరు ఏడు తరాలు పోదు. రేపు పుష్పను ఎవడు చేస్కుంటడు? నా పోరగాండ్లకు పిల్లనెవడిస్తడు?"

"గుంజకు కట్టేస్తె మంచి పేరొస్తదా బావా?" అన్నది రుక్కమ్మ.

తెల్లారి తనే గొలుసు ఇప్పింది. నడిపిచ్చుకుంట ఖేడుకు తెచ్చింది. బస్సు కాడికి రాంగనె బీరప్ప ఆగిపోయిండు, ఒక్క అడుగు ముందలికేస్తలేడు. నేను మెట్టు మీద నిలబడి ఉన్న. రుక్కమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగింది. "ఏమనుకోకు అన్నా. నీ అంగీ జర ఇప్పుతవా?"

మొదటి రోజు ఆయన నన్ను చూసి ఎందుకు వణికిండో అప్పుడు సమజైంది. ఖాకీ అంగీ ఇప్పి మడతపెట్టి డ్రైవర్ ఎనక పెట్టిన. పట్నం దాక బనీను మీదనే టికెట్లు కొట్టిన. కొందరు బీరప్ప పక్క సీట్ల నుంచి లేసి ముందలికొచ్చి నిలబడ్డరు. పట్నం దాక అట్లనే నిలబడి పోయిండ్రు. జోగిపేటల చెకింగ్ ఆయన ఎక్కి, "ఏందయ్యా నీ అవతారం?" అని గరమైండు. సంగతి చెప్పిన. ఎనక సీటు దిక్కు ఒకసారి చూసి, అటే దిగిపోయిండు.

దవాఖానల చూసింది ఒక డాక్టరమ్మ. నడివయసు మనిషి, మాటల తొందర లేదు. పక్కన ఒక పడుచు డాక్టరు రాసుకుంటుండు. మా దిక్కు తెలుగుల కన్నడం కలుస్తది, భయపడ్డప్పుడు బీరప్ప నోట్లకెల్లి సగం కన్నడమే వచ్చేది. ఆ డాక్టరు "పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు" అన్నడు. రుక్కమ్మ ఊకోలే. "అది పిచ్చిమాట కాదు సారూ, మా ఊరి మాట. నేను చెప్త, రాస్కో" అన్నది. ఆయన మాట ఆయన మాటగ, దాని అర్థం అర్థంగ చెప్పుకుంట పోయింది.

డాక్టరమ్మ రోగం గురించి తక్కువ అడిగింది, బతుకు గురించి ఎక్కువ అడిగింది. "అక్కడ ఎవరి పక్కన పడుకునేవాడు? ఎవరితో కలిసి తినేవాడు? ఆఖరిసారి ఎవరితో నవ్వుతూ మాట్లాడాడు?"

రుక్కమ్మ మొగని దిక్కు చూసింది. బీరప్పే తలకాయ ఒంచుకొని అన్నడు: "గొర్లకాడ గూడ ఒక్కన్నే ఉంటుంటి. అప్పుడేం గాలే."

"మరి ఇక్కడా ఒక్కడివే కదా?"

"గొర్లకాడ ఒక్కన్ని గాదమ్మా. నేనెవరో గొర్లకెరుక. ఈడ నేనెవరో ఎవలికీ ఎరుక లేదు."

డాక్టరమ్మ ఆ మాట ఉన్నదున్నట్టు రాయమన్నది. ఆఖరికి రుక్కమ్మకు ఇట్ల చెప్పింది. "ఈ జబ్బు కొందరి ఒంట్లో ముందే ఉంటుంది. అవమానం, ఒంటరితనం దాన్ని లేపుతాయి. మందులు ఆపొద్దు. మనిషిని మనుషుల్లో ఉంచు. రెండూ కావాలి."

కొన్నాళ్లు వార్డుల ఉన్నడు. గోలీలు పని చేసినయి. ముఖంల మనిషి కళ తిరిగొచ్చింది. ఇంటికి తోలుకపోయేటప్పుడు రుక్కమ్మ నా బస్సుల కూసొని, ఎన్నడూ లేంది, అటుకులు కొని నాకింత పెట్టింది.

కని ఆ పేటపేరు ఆయన కన్న ముందల ఊరు చేరింది. పోరగాండ్లు ఎనక పడి అరిసేది. పెద్దోల్లు ఎనక పడకుంటనే అనుకునేది. మరుసటేడు వానలు సరిగ లేవు. బీరప్పే అన్నడు, "నాకేం గాలే, మంచిగున్న, నేను పోత" అని. ఈసారి కావలి పని వద్దనుకున్నడు, ఊరోల్ల గుంపుతోనే ఉంటనన్నడు. రుక్కమ్మ ధైర్యం చేసి పంపింది.

గుంపుల ఉన్నడు గని ఎవరూ ఆయన పక్కన పండుకోలే. తన చాప ఒక్కటే దూరంగ. గోలీలు మింగుతుంటె "పిచ్చి గోలీలురో" అని నవ్వేది. సిగ్గయి ఒకనాడు గోలీలన్ని మోరీల పారేసిండు. ఇగ ఏముంది, చెవులల్ల మల్ల అవే మాటలు. మల్ల దవాఖాన.

పట్నం పడలే అన్న మాట రుక్కమ్మ మానింది అప్పుడే. "నలుగురి నడుమ ఉన్నడు, అయినా ఒక్కడే అయిండు అన్నా. తప్పు పట్నానిది ఒక్కదానిదే గాదు" అన్నది నాతోని.

రెండోసారి దవాఖానకెల్లి వచ్చినంక ఆమె ఇంట్ల చెప్పింది. "ఇగ ఆయన పోడు. నేను పోత. ఆయన ఇంట్ల ఉండి బిడ్డను చూస్కుంటడు."

మొగులయ్య నోరు తెరిసిండు. "మొగడు ఇంట్ల, పెండ్లాం పట్నంల? ఊరేమంటది? ఒక్క ఆడిమనిషివి, అక్కడ నీ మీద ఏం పుకారు లేపుతరో నీకు తెల్సా?"

తుంటి ఇరిగినకాడికెల్లి పోశమ్మ మంచంలనే ఉండేది. కోడలి మీద ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుకుంట ఉండే మనిషి. ఆనాడు మంచంలకెల్లి, "పోనియ్యి మొగులూ" అన్నది.

అందరూ అటు తిరిగిండ్రు.

"మీ నాయిన గొర్లు పోయినంక ఎట్ల పోయిండో మర్సిపోయిండ్రా? ఎవలితోని మాట్లాడలే. బుక్కెడు తినలే. గోడ దిక్కు తిరిగి పండుకొని అట్లనే పోయిండు. ఏం రోగమని ఎవలన్న అడిగిండ్రా? నేను గూడ అడగలే. ముసలోడు, పోయిండు అనుకున్నం. చిన్నోన్ని గూడ అట్ల పోనియ్యాల్నా? ఊరేమన్న అననీ. పిల్లను పోనియ్యి."

మొగులయ్య తువ్వాల భుజం మీదేసుకొని చెల్కకు పోయిండు.

ఆ ఉగాదికి రుక్కమ్మ శంకరమ్మ గుంపుతోని బస్సెక్కింది. శంకరమ్మ కూలోల్లను పట్నం తోలుకపోయే మేస్త్రి, గొంతు పెద్దది, తన గుంపు ఆడోల్ల జోలికి ఎవడన్న వస్తె పార ఎత్తే మనిషి. ఎనభైలల్ల శాన ఏండ్లు రుక్కమ్మ అట్ల ఎండకాలం పట్నం పోయొచ్చింది. తిరిగొచ్చేటప్పుడల్ల దవాఖాన నుంచి గోలీలు తెచ్చేది.

బీరప్ప ఇంట్ల రొట్టె కొట్టుడు నేర్సుకున్నడు. మొదలు ఆ జొన్నరొట్టెలు తునిగిపోయేటియి. మంచంలకెల్లి పోశమ్మ, "నీళ్లు ఉడుకుగ పొయ్యి, పిండిని బాగ పిసుకు" అని చెప్పేది. తర్వాత తర్వాత గుండ్రంగ, పల్చగ వచ్చేటియి. తల్లికి తానం పోసిండు. పుష్పకు తల దువ్వి జడేసి బడికి తోలిండు. జడేసే మొగోడని ఊరు నవ్వింది. ఆయన మాత్రం గోలీ ఏసుకునుడు, జడేసుడు ఆపలే.

ఆ ఊర్ల చంద్రప్ప అని ఒక ముసలి కురుమ ఉండె. మోకాళ్ల నొప్పి. "నాకు ఉరకొస్తలేదు. నా ఎంట రా" అని బీరప్పను తన గొర్ల ఎంట తీస్కపోయిండు. ఎవరూ పనికి పిలువని మనిషిని పిలిసిండు. ఎందుకట్ల పిలిసినవని నేనడిగితె చంద్రప్పకు నా మాటే సమజ్ కాలే. "వాడు కురుమోడు. గొర్లు కాస్తడు గద?" అన్నడు. కొన్నేండ్లకు బీరప్పకు తన సొంతానికి కొన్ని గొర్లయినయి.

"ఆ మాటలు ఇంకా ఇనపడతయా?" అని ఒకసారి నేనే అడిగిన.

"ఇనపడతయి" అన్నడు. "కని ఇప్పుడు దూరంగ. పక్క చేన్ల ఎవలో ఎవలినో తిట్టుకుంటున్నట్టు. నా పేరు పెడ్తలేరు."

ఇంటి సంగతి ఇట్లుంటె, రుక్కమ్మ సంగతి ఎవరూ చూడలే. నేనూ చూడలే. ఏటికేడు ఆమె మాట తగ్గింది. బస్సుల కూసుంటె కిటికీ బయటనే చూసేది. పని ఎక్కువైందేమో అనుకున్న. ఒక ఎండకాలం గోలీల కోసం దవాఖానకు పోయింది. ఆ డాక్టరమ్మనే. జుట్టు సగం నెరిసింది. గోలీలు రాసిచ్చి, కాగితం చేతికియ్యకుంట అడిగిందట: "ఆయన బాగున్నాడు. నీ సంగతేంటి?"

"నాకేంది, మంచిగనే ఉన్న."

"నిద్ర పడుతోందా?"

రుక్కమ్మ కాగితం కోసం చెయ్యి చాపింది.

"ఎవరితో కలిసి తింటున్నావు? బిడ్డను చూసి ఎన్నాళ్లయింది?"

అంతే. ఆ గదిల బల్ల మీద తల పెట్టి ఏడ్సింది. వరండల ఉన్న శంకరమ్మకు ఇనపడేటట్టు ఏడ్సింది. నిద్ర పట్టక నెలలైందని, తట్ట ఎత్తితె చేతులు లేస్తలేవని, ఒక్కోసారి పరంజా మీద నిలబడి కిందికి చూస్తుంటె నిచ్చెన మీదికెల్లి దిగబుద్ధి కాదని, ఆనాడు చెప్పింది. అటెనుక కండ్లు తుడుసుకొని భయంగ అడిగిందట. "ఆయన రోగం నాకు అంటుకున్నదా అమ్మా? నాకు గూడ వస్తె ఇల్లెట్ల?"

"ఇది అంటుకునేది కాదు" అన్నది డాక్టరమ్మ. "అన్నేళ్లు ఒక్కదానివే మోశావు. అలిసిపోయావు. కొన్నాళ్లు మందులు వాడాలి. ఇంకా ముఖ్యం, ఎవరైనా నీ దగ్గర ఉండాలి."

శంకరమ్మ మరునాడు బస్సు కాడికి వచ్చి నాకు మొత్తం చెప్పింది. "ఊర్ల చెప్పు నాగన్నా. అదిట్ల ఒక్కతి ఉంటె నాకు మంచిగనిపిస్తలేదు."

నేను పోయి మొగులయ్యకు చెప్దమనుకున్న. దారిల గొర్ల ఎంట బీరప్పే ఎదురైండు. ఏం చెయ్యాలె, ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన ఎంటనే చంద్రప్ప దిక్కు తిరిగి, "పెద్దయ్యా, నా గొర్లను నీ మందల కలుపుకో. నేను పట్నం పోత" అన్నడు.

పోశమ్మ అప్పటికి కాలం చేసింది. పుష్ప పెద్దబడికి పోతుండె, ఎండకాలం సెలవులు. జొన్నపిండి మూట నెత్తి మీద పెట్టుకొని, బిడ్డను ఎంటబెట్టుకొని బీరప్ప పట్నం పోయిండు. ఆ పట్నంల దిగుడు ఆయనకెంత కష్టమో నాకెరుక. పుష్ప చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. తండ్రి బిడ్డను పట్టుకున్నట్టు గాదు, పిలగాడు తల్లిని పట్టుకున్నట్టు.

గుడిసెల రుక్కమ్మ పండుకొని ఉంది. మొగన్ని చూసి లేసి కూసొని, "నువ్వెందుకొచ్చినవ్? నీకు మల్ల అయితది. పో, జల్దీ పో" అని గాబరా పడ్డది.

"అయితె అప్పుడు నువ్వు చూద్దువు" అన్నడు బీరప్ప. "ఇప్పుడు నేను చూస్త."

మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసి రొట్టెలు చేసిండు. తొలకరి దాక అక్కడనే ఉన్నడు. పొద్దుగాల ఆమె గోలీ ఆమెకిచ్చి, తన గోలీ తను ఏసుకునేటోడు. శంకరమ్మ గుంపోల్లు ఎవరూ నవ్వలే. నవ్వితె శంకరమ్మ ఉన్నది. ఆ ఎండలల్ల ఆయనకేం గాలే. పట్నం అదే పట్నం, ఆ సిమెంటు అదే సిమెంటు.

ఆ ఏడాది తర్వాత రుక్కమ్మ పట్నం ఒంటిగ పోలే. కొన్నేండ్లు ఇద్దరూ కలిసి పోయిండ్రు, తర్వాత గొర్లు జర ఎక్కువైనంక పోవుడే బంద్ చేసిండ్రు. ఆమె నిద్ర మెల్లగ తిరిగొచ్చింది. ఆమె నవ్వు మాత్రం మునుపటంత రాలేదని నాకనిపిస్తది. బీరప్పకు మధ్యల రెండు మూడుసార్లు ఎక్కువైంది. వానలకు తొవ్వలు తెగి గోలీలు అందకుంటయినప్పుడొకసారి పొలాల పడి ఎటో పోయిండు, మొగులయ్యే ఎతికి తెచ్చిండు. ఈసారి గొలుసు ముట్టలే. పక్కన కూసొని కూడు తినిపిచ్చిండు.

పుష్పకు సంబంధాలొచ్చినప్పుడు మొగులయ్య మాట నిజమైంది. మొదలొచ్చినోల్లు చాయ తాగేదాక మంచిగనే ఉన్నరు. పక్కింటోల్లు ఎవరో చెవుల ఏసిండ్రు. "మీ ఇంట్ల ఆ దవాఖానకు పోయినోల్లు ఉన్నరంట గదా?" అని అడిగిండ్రు. మొగులయ్య ఏదో సర్ది చెప్పబోయిండు. పుష్ప లోపల్నుంచి వచ్చి నిలబడ్డది. "ఉన్నరు. మా నాయిన పోయిండు, మా అమ్మ పోయింది. ఇద్దరు మందులు తిన్నరు. మా నాయిన నాకు జడేసి బడికి పంపిండు. దాచి పెండ్లి చేసుకునేటట్టయితె నాకొద్దు."

వాళ్లు లేసి పోయిండ్రు. ఇంకో ఏడాది గడిసింది. కర్ణాటక అంచున ఒక పల్లె నుంచి ఇంద్రమ్మ అనే ముండమోసినామె తన కొడుకు సంగమేశ్వర్‌ను తీసుకొని వచ్చింది. వాళ్లదీ గొర్ల ఇల్లే. ఆమెకు మొదలే అంత చెప్పిండ్రు. ఆమె ముందల పెట్టిన రొట్టె తుంచి తిన్నది. అటెనుక బీరప్పను కన్నడంలనే అడిగింది, ఈ రొట్టెలు మీరే చేసిండ్రా అని. చేసిన అన్నడు. ఆమె ఇంకో రొట్టె అడిగి తిన్నది. పోయేటప్పుడు రుక్కమ్మ చెయ్యి పట్టుకొని, "మా పెద్దోడు గూడ బొంబాయికి పోయి తిరిగి రాలే. ఎక్కడున్నడో, ఎట్లున్నడో. ఎవరన్న ఇట్ల చూసుకునేటోల్లు ఉంటె ఎంత బాగుండు" అన్నది. ఆ సంబంధం కుదిరింది.

పెండ్లి తొంభై మూడో నాలుగో, ఎండకాలం. ఊరంత వచ్చింది. పొద్దుగాల ముహూర్తం ముందల మొగులయ్య రుక్కమ్మను పక్కకు పిలిసి అన్నడు. "కన్యాదానం నేను, నా పెండ్లాం చేస్తం. గా డప్పులు, గంత మంది. మందిల వానికి ఏమన్న అయితె పరువు పోతది." ఆయన కావాలని అనలే, భయంతోనే అన్నడు.

రుక్కమ్మ అన్నది: "అయితె కానీ బావా. బిడ్డ ఆయనది."

పీటల మీద రుక్కమ్మ, బీరప్ప కూసున్నరు. డప్పులు కొడుతుంటె బీరప్ప చెంబుల నీళ్లు పొయ్యబోతె పక్కకు ఒలికినయి. పుష్ప తన చెయ్యి నాయిన చెయ్యి కిందికి పెట్టింది. నీళ్లు పడ్డయి. అందరూ అక్షింతలేసిండ్రు, నేను గూడ ఏసిన.

అక్షింతలు పడంగనె బీరప్ప లేసిండు. మందిలకెల్లి తొవ్వ చేసుకొని ఊరి బయట గొర్ల దొడ్డికి నడిసిండు. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. రుక్కమ్మ పెండ్లి చీరె కుచ్చిళ్లు పైకి పట్టుకొని ఆయన ఎనక పోయింది. ఏమన్న అయిందేమో అని నేనూ పోయిన.

బీరప్ప దొడ్డి గోడకు ఆనుకొని కూసున్నడు. కండ్లు మూసుకున్నడు. రుక్కమ్మ పక్కన కూసున్నది. దూరంకెల్లి డప్పులు ఇనపడుతున్నయి. గొర్లు ఇద్దరిని వాసన చూసి మల్ల మేతకు ఒంగినయి.

"ఇనపడుతున్నయా?" అని అడిగింది రుక్కమ్మ.

"డప్పులే" అన్నడు బీరప్ప. "డప్పులే ఇనపడుతున్నయి. జర ఎక్కువున్నయి."

ఆమె తల ఊపింది. ఇంతల ఎవరో పిల్ల ఉరికొచ్చి, భోజనాలకు కూసుంటున్నరు, మిమ్మల్ని పిలుస్తున్నరని చెప్పింది.

"వస్తం. జరసేపాగమను" అన్నది రుక్కమ్మ.